విసర్జన విలంబం

మా జిల్లాలో ఆరు నెలలు నిండిన పిల్లలందరూ ఒకేలా తినాలని నిర్ణయం జరిగిన రోజున నేను సెలవులో ఉన్నాను. కాబట్టి ఆ నిర్ణయంలో నా తప్పేమీ లేదు. తర్వాత వచ్చిన కాగితాలన్నీ మాత్రం నేనే రాశాను.

నేను శిశు పోషణ జిల్లా కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. పై అధికారులు అనుకున్నదాన్ని ప్రభుత్వ తెలుగులోకి దించడం నా పని. పథకం పేరు ‘ముద్దుముద్ద’. పాలు మాత్రమే తాగే పిల్లకి ఏడో నెల రాగానే అంగన్‌వాడీ నుంచి ఒక పొడి పొట్లం అందుతుంది. అందులో సెనగపప్పు, గోధుమ, ఇంకా చదవడానికి వీలుకానంత చిన్న అక్షరాల్లో ఏవేవో ఉంటాయి. దాన్ని ఉడికించి పిల్లకి పెట్టాలి. ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు.

చిక్కంతా సర్క్యులర్‌లో ఏడో పేరా దగ్గర మొదలైంది. వండిన ముద్దని చెంచాలో తీసుకుని చెంచా తలకిందులు చేస్తే, పది అంకెలు లెక్కపెట్టేదాకా అది జారకూడదు. జారినచో అది ఘనాహారముగా పరిగణించబడదు. ఎనిమిదో పేరా ప్రకారం నీరు ఘనాహారం కాదు గనుక, ఘనాహార దశలో ప్రవేశించిన శిశువుకు నీళ్ళు పట్టడం వెనుకడుగు. తొమ్మిదో పేరా ప్రకారం తల్లిపాలు తప్ప పొట్లంలో లేనిదేదీ పిల్ల నోట్లోకి వెళ్ళరాదు. ఒక టీచరు చిన్న ఇడ్లీ ముక్క పెట్టిందని పోయిన నెలే ఆమెను ఇంటికి పంపారు. ఆ కాగితమూ నేనే రాశాను.

ఇలా ఉండగా రాజధాని నుంచి మాకొక సలహాదారు వచ్చాడు. పేరు అభిజ్ఞాన్. ముప్పై దాటలేదు. పిల్లలు లేరు, పెళ్ళే కాలేదు. “కాబట్టి ఈ విషయంలో వీరికి ఏ పక్షపాతమూ ఉండదు” అంటూ మా సంచాలకులు చక్రధరరావుగారు ఆయన్ని మాకు పరిచయం చేశారు.

అభిజ్ఞాన్ మొదటి సమావేశంలోనే లేచి నిలబడి అడిగాడు. “సర్, ఈ జిల్లాలో శిశువుల్లోకి రోజుకి ఎంత వెళ్తోందో మన దగ్గర సమాచారం ఉంది. ఎంత బయటికి వస్తోందో లేదు. ఇన్‌పుట్ ఉండి అవుట్‌పుట్ లేని వ్యవస్థని ఏమంటారు?”

“మా ఆఫీసు అంటారు” అని నా పక్కన టైపిస్టు గొణిగింది. అదృష్టవశాత్తూ చప్పట్లలో అది ఎవరికీ వినపడలేదు.

వారం తిరక్కుండా టీచర్ల ఫోన్లలోని యాప్‌లో కొత్త గడి వచ్చింది. ప్రతి శిశువూ ఆ రోజు దొడ్డికి వెళ్ళిన సంగతి ఉదయం పదకొండు లోపు అందులో నమోదు కావాలి. ఫొటో పెట్టాలి. ఫొటోలో స్థలం, సమయం పడాలి. ఫలితాన్ని మూడింట్లో ఒకటిగా ఎంచుకోవాలి: ఉత్తమం, సంతృప్తికరం, ఆశాజనకం.

“కాలేదు అని ఒకటి ఉండొద్దాండీ?” అని అడిగాను.

అభిజ్ఞాన్ జాలిగా చూశాడు. “అలాంటి అవకాశం ఇచ్చామంటే ఫీల్డ్ వాళ్ళు దాన్నే అలవాటు చేసుకుంటారండీ.”

చక్రధరరావుగారి గదిలో గోడంత తెర పెట్టారు. జిల్లా పటం మీద పిల్లకొక చుక్క. మొత్తం పదకొండువందల నలభై రెండు చుక్కలు. మొదటి రోజు సగం ఎర్రగా ఉన్నాయి. ఎర్రచుక్క ఉన్న ప్రతి టీచరుకూ నా చేత మెమో రాయించారు. రెండో రోజుకి అన్నీ పచ్చగా అయిపోయాయి. పరిపాలనంటే ఇదీ అని సంచాలకులు తెర ముందు నిలబడి ఫొటో దిగారు.

ఒక్క చుక్క మాత్రం మారలేదు. అది నేరేడువలసలో ఉంది.

నేరేడువలస అంగన్‌వాడీ టీచరు పేరు తవిటమ్మ. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఆ ఊళ్ళో ఇప్పుడు పిల్లల్ని కంటున్న ఆడపిల్లల్లో సగం మంది ఒకప్పుడు ఆమె ఒళ్ళో ఉచ్చ పోసినవాళ్ళే. మెమో అందిన రోజున ఆమె నాకు ఫోన్ చేసింది.

“సార్, మా గౌరీశ్వరి కూతురు, హన్విక. ఏడో నెల పిల్ల. నాలుగు రోజులైపోనాది సార్, దొడ్డికి అవ్వనేదు. ముక్కుతాది, మొకమంతా ఎర్రగా అయిపోతాది, కాళ్ళు ముడిచేసుకుని ఏడుస్తాది. రాత్రి పాలు కూడా సరిగ్గా తాగనేదట. ఆ ముద్ద మరీ గట్టిగుంది సార్. గోడకేసి కొడితే అక్కడే ఉండిపోతాది.”

“యాప్‌లో ఏం పెట్టారమ్మా?”

“అడుగున ఇతరములు అని ఇంకో గడుంది కదా, అందులో ఉన్నది ఉన్నట్టు రాశాను.”

మిగతా టీచర్లందరూ ఏం రాశారో నాకు తెలుసు. ఈవిడ ఉన్నది ఉన్నట్టు రాసింది. ఇరవై రెండేళ్ళ సర్వీసు ఏం నేర్పిందో అర్థం కాలేదు.

“డాక్టరమ్మకి చూపించాను సార్” అని ఆవిడ చెప్పుకుపోయింది. “పొట్ట మెత్తగానే ఉంది, ఇప్పటికి భయం నేదంది. కొత్తగా తిండి మొదలెట్టిన పిల్లలకి ఇలగ అవుతాదట. ముద్దని జావలాగ పల్చగా చెయ్యమంది. కాచి చల్లార్చిన నీళ్ళు మధ్యమధ్యలో రెండేసి చెంచాలు పట్టమంది. బాగా పండిన బొప్పాయి మెదిపి పెట్టమంది. పొట్ట నిమిరి, కాళ్ళు సైకిలు తొక్కించినట్టు ఆడించమంది. వాంతులైనా, పొట్ట ఉబ్బినా, రక్తం కనబడినా ఆలస్యం చెయ్యకుండా తెచ్చీమంది. మరి మీ తొమ్మిదో పేరా ఉంది కదా సార్. బొప్పాయి పొట్లంలో నేదు. కొంచెం పర్మిషను ఇప్పించండి.”

“ఫైలు పెడతానమ్మా” అన్నాను.

మా ఆఫీసులో ‘ఫైలు పెడతాను’ అనడం, బయట ‘దేవుడున్నాడు’ అనడంలాంటిది.

అయినా పెట్టాను. మధ్యాహ్నం చక్రధరరావుగారు నన్ను పిలిచారు. నా నోటు ఆయన చేతిలో ఉంది. ఒక పదం చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది.

“మలబద్ధకం! ఈ పదం ఎవరు వాడారు?”

“నేనేనండి. నిఘంటువులో ఉందండి.”

“నిఘంటువులో చాలా ఉంటాయి. మన జిల్లాలో ఉండవు. శనివారం మనం ఏం చేయబోతున్నాం?”

“సంపూర్ణ ముద్దుముద్ద జిల్లాగా ప్రకటించుకోబోతున్నామండి.”

“ఎవరొస్తున్నారు?”

“రాజధాని నుంచి ప్రధాన కార్యదర్శిగారండి.”

“ఆవిడ వచ్చి తెర చూస్తే అక్కడ ఎర్రచుక్క కనపడితే, ఇదేమిటని అడిగితే, నేను నా నోటితో ఆ మాట అనాలా?”

పక్కనే కూర్చున్న అభిజ్ఞాన్ కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించాడు. “విసర్జన విలంబం అందాం సర్” అన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పిల్ల సమస్య ఎలా ఉన్నా, పదం సమస్య ఆ విధంగా తీరింది.

ఇక బొప్పాయి. “దానికి అనుమతిస్తే మన ముద్దలో లోపం ఉందని మనమే రాసిచ్చినట్టు” అన్నారు సంచాలకులు. “తిరస్కరిస్తే రేపేదైనా జరిగితే నా మెడకి చుట్టుకుంటుంది. అసలు బొప్పాయి ఎవరి పరిధి?”

“ఉద్యాన శాఖండి.”

“వాళ్ళ అభిప్రాయం కోరండి. నీళ్ళు?”

“నీటి సరఫరా విభాగమండి.”

“రాయండి. ఇంకేదో ఉందే, కాళ్ళు?”

“సైకిలు తొక్కించినట్టు ఆడించాలండి.”

అభిజ్ఞాన్ శాఖల జాబితా తిరగేశాడు. చివరికి చక్రధరరావుగారే తేల్చారు. “క్రీడల శాఖకి పెట్టండి.”

మూడు లేఖలు రాశాను. ‘పై విషయమై తమ విలువైన అభిప్రాయమును అత్యంత జరూరుగా తెలియజేయగలరు’ అని మూడింటికీ ముగింపు. రాస్తున్నంతసేపూ నాకు నవ్వు రాలేదు. ఇరవయ్యారేళ్ళుగా ఈ పని చేస్తున్నాను.

మర్నాటికి క్రీడల శాఖ జవాబు వచ్చేసింది. వాళ్ళు చాలా చురుకైనవాళ్ళు. ఏడు నెలల వయోవిభాగంలో తమ వద్ద ప్రస్తుతం సైక్లింగ్ శిక్షణ లేదనీ, ప్రతిపాదన పంపితే వచ్చే సంవత్సరం పరిశీలిస్తామనీ రాశారు. ఉద్యాన శాఖ ఏ రకం బొప్పాయో తెలపమంది. నీటి సరఫరా వాళ్ళు జవాబివ్వలేదు.

ఆ పొద్దున తెర మీద పచ్చచుక్కలు చూస్తుంటే నాకొక సంగతి కనపడింది. పదకొండువందల నలభై ఒక్క మంది శిశువులూ పదీ అయిదుకీ పదీ పదికీ మధ్యనే కానిచ్చారు. అందరిదీ ఉత్తమమే. నలభై ఊళ్ళ ఫొటోల్లో ఉన్నది ఒకే పళ్ళెం, ఒకే గచ్చు. అందులో ఉన్నది పెసరపప్పు ముద్ద అని వంట చేసే వాళ్ళెవరికైనా తెలుస్తుంది. పేర్లు దింపుతూ పోతే ఒకచోట పేరుకి బదులు ‘పుట్టవలసి ఉన్నది’ అని ఉంది. తల్లికి ఎనిమిదో నెల. ముందుగా నమోదు చేసుకున్నారు. ఆ పిల్లదీ ఉత్తమమే.

అభిజ్ఞాన్‌కి చూపించాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

“చూశారా! వ్యవస్థ ఎంత ముందుకెళ్ళిందో! పుట్టకముందే ఫలితం. దీన్ని శనివారం ప్రదర్శనలో పెడదాం.”

అంతలో తవిటమ్మ ఫోన్. వెనక పసిపిల్ల ఏడుపు వినిపిస్తోంది. ఆగి ఆగి, ఓపిక లేని ఏడుపు.

“సార్, అయిదో రోజు. నేనిప్పుడు ఆళ్ళింట్లోనే ఉన్నాను. గౌరీశ్వరి పిల్లని ఎత్తుకుని తనూ ఏడుస్తంది. అప్పయమ్మ, పిల్ల నాయనమ్మ, సబ్బు ముక్క పుల్లలాగ చెక్కి తెచ్చింది, లోపల పెడతానని. ఇంకో చేత్తో ఆముదం సీసా. రెండూ లాక్కున్నాను. డాక్టరమ్మ అవేటీ వద్దంది. మరి నేను వద్దన్నాక, ఏదొకటి చెయ్యాలి కదా సార్? పర్మిషను వచ్చిందేటి?”

“క్రీడల శాఖ వాళ్ళ జవాబు వచ్చిందమ్మా.”

అవతల పిల్ల ఏడుపు ఇంకా దగ్గరగా వినపడింది.

“సార్, మీకు పిల్లలున్నారా?”

“ఇద్దరమ్మా.”

“ఆళ్ళకి కడుపు నొప్పొచ్చినప్పుడు ఎవర్ని అడిగేరు పర్మిషను?”

ఆ మాటతో ఫోన్ పెట్టేసింది. కొంచెం సిగ్గేసిన మాట నిజమే. ఫైలుని ఆ గుట్టలోంచి తీసి ఈ గుట్ట మీద పెట్టాను. తర్వాత భోజనానికి వెళ్ళాను.

మధ్యాహ్నం సంచాలకులు ఇంకో ఆలోచన చేశారు. టీచరు మాటని నమ్మడానికి లేదు, అసలు పిల్లకి విలంబం ఉందా లేదా అన్నది ప్రభుత్వం తన కళ్ళతో చూడాలి. అందుకు ‘ప్రత్యక్ష సాక్షి అధికారి’ అనే పదవి ఆ సాయంత్రం పుట్టింది. మా శాఖలో ఎవరూ ఒప్పుకోలేదు. మత్స్యశాఖ నుంచి పట్నాయక్‌గారిని డెప్యుటేషన్ మీద తెచ్చారు. నీళ్ళలో కదిలేవాటిని లెక్కపెట్టడంలో ఆయనకు పద్ధెనిమిదేళ్ళ అనుభవం. కాగితాలు మొయ్యడానికి నన్ను వెంట పంపారు.

ఆరో రోజు పదకొండుకి జీపు నేరేడువలస చేరింది. పట్నాయక్‌గారు పెద్దమనిషి. తెల్ల చొక్కా, మెడలో కార్డు, చేతిలో మూడు కాళ్ళ కెమెరా స్టాండు. దారిపొడుగునా ఒక్కటే ప్రశ్న వేశారు. “ఎంతసేపు వేచి ఉండాలో ఉత్తర్వులో రాశారా?” రాయలేదన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

గౌరీశ్వరి ఇల్లు రేకుల ఇల్లు. ముందు చిన్న అరుగు. అరుగు మీద తవిటమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఆమె మోకాళ్ళ మీద బోసినోటి పిల్ల. రెండు కాళ్ళూ తవిటమ్మ చేతుల్లో ఉన్నాయి, సైకిలు సాగుతోంది. పిల్ల కిలకిలా నవ్వుతోంది. గడపలో గౌరీశ్వరి. ఇరవై రెండేళ్ళ పిల్ల, కళ్ళింకా వాచే ఉన్నాయి గానీ తేలిగ్గా ఉంది. పక్కనే గిన్నెలో నారింజరంగు మరకలు. అది బొప్పాయి అని నాకు తెలిసింది. చూడనట్టు ఊరుకున్నాను.

పట్నాయక్‌గారు స్టాండు నిలబెట్టి, కెమెరా బిగించి, గొంతు సవరించుకున్నారు. “శిశువుకి విలంబం ఎన్ని గంటలుగా ఉంది?”

“ఇప్పుడు నేదు బాబూ” అంది తవిటమ్మ. “పొద్దున్న ఎనిమిదింటికి అయిపోయింది. మొదట గట్టిగా, ఆ తర్వాత సుబ్బరంగా. తర్వాత కడుపు నిండా పాలు తాగింది.”

“అయిపోయిందా? ఎక్కడ?”

“ఏటి ఎక్కడ?”

“అవుట్‌పుట్.”

“కడిగీసేను బాబూ.”

పట్నాయక్‌గారు నా వైపు చూశారు. నేను ఫైలు వైపు చూశాను.

“కడిగేశారా? ఎవరి అనుమతితో?”

లోపల్నుంచి నాయనమ్మ అప్పయమ్మ గడప దాటి వచ్చేసింది. “అనుమతేటి బాబూ? కంపు కొడతాదా నేదా? మీ ఇంట్లో ఉంచుకుంటారేటి?”

“అమ్మా, ఇది ప్రభుత్వ సమాచారం. దానికి స్థలం, సమయం పడిన ఫొటో ఉండాలి. లేకపోతే అది జరిగినట్టు కాదు.”

“జరిగినట్టు కాదా?” అప్పయమ్మ దండెం వైపు చెయ్యి చూపించింది. “ఆ గుడ్డ ఎందుకు ఉతికేనో మరి, నాకు పనిలేకేటి!”

దండెం మీద ఉతికిన గుడ్డ ఆరుతోంది. పట్నాయక్‌గారు నిజాయితీపరులు. కెమెరా అటు తిప్పి గుడ్డని ఫొటో తీశారు. యాప్‌లో పెట్టారు. కాసేపు తిరిగి తిరిగి అది జవాబిచ్చింది: ‘చిత్రంలో ఆశించిన వస్తువు కనుగొనబడలేదు.’ దగ్గరికెళ్ళి మళ్ళీ తీశారు. మళ్ళీ అదే. చుట్టూ చేరిన ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆయన తవిటమ్మ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, దాదాపు బతిమాలుతున్నట్టు అడిగారు. “ఇంకోసారి చేయించగలరా అమ్మా?”

“పిల్ల కదా బాబూ, కుళాయి కాదు” అంది తవిటమ్మ.

సాయంత్రం నాలుగింటిదాకా కూర్చున్నాం. గౌరీశ్వరి మాకు టీ ఇచ్చింది. హన్విక మధ్యలో ఒక నిద్ర తీసింది, లేచి పట్నాయక్‌గారి మెడలోని కార్డు పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది. అది కూడా పొట్లంలో లేని వస్తువే గనుక ఆయన గబుక్కున లాక్కున్నారు. నాలుగున్నరకి ఆయన తన నివేదిక చెప్పారు, నేను రాశాను: ‘శిశువు ఉల్లాసముగా నున్నది. అయిననూ తగు ఆధారము లేనందున విలంబము కొనసాగుచున్నదిగా భావించవలెను.’

ఆ విధంగా హన్వికకి ఆరో రోజు కూడా కాలేదు.

శనివారం సభ బ్రహ్మాండంగా జరిగింది. తెర మీద నేరేడువలస ఉన్నచోట పథకం గుర్తు ముద్రించిన గుండ్రటి కాగితం అతికించారు. ప్రధాన కార్యదర్శిగారు పచ్చటి జిల్లాని చూసి ముగ్ధులయ్యారు. ఇంకా పుట్టని శిశువు ఫలితాన్ని చూసినప్పుడైతే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చక్రధరరావుగారికి శాలువా కప్పారు. అభిజ్ఞాన్‌ని పక్క జిల్లాకి కూడా పంపుతామన్నారు.

పట్నాయక్‌గారి మొదటి ఫొటోలో గుడ్డతో పాటు బొప్పాయి గిన్నె, నీళ్ళ గ్లాసు కూడా పడడంతో సోమవారం తవిటమ్మకి ఆరోపణ పత్రం వెళ్ళింది. నేనే రాశాను, చక్కగా వచ్చింది. ‘సదరు కార్యకర్త (ఒకటి) సర్క్యులరులోని తొమ్మిదవ పేరాకు విరుద్ధముగా ఒక ఫలమును ప్రయోగించియు, (రెండు) ఎనిమిదవ పేరాకు విరుద్ధముగా నీటిని పట్టియు, (మూడు) ప్రభుత్వమునకు చెందవలసిన ఆధారమును నీటితో కడిగి నాశనము గావించియు ఉన్నందున, ఆమెపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను. మరియు సదరు శిశువు విసర్జన అనంతర స్థితిని తగు వివరములతో తెలుపవలెను.’

ఆ ఆఖరి వాక్యం అలవాటు కొద్దీ రాశాను. ఏ కాగితంలోనైనా చివర ఒక వివరం అడగకపోతే నాకు నిండుగా ఉండదు.

మూడో రోజున జవాబు వచ్చింది. గీతల కాగితం మీద నీలం పెన్నుతో, గుండ్రటి అక్షరాలు.

‘అయ్యా, బొప్పాయి పెట్టిన మాట నిజం. నీళ్ళు పట్టిన మాట నిజం. కడిగిన మాట కూడా నిజం. డాక్టరుగారు చెప్పినట్టు చేశాను. పిల్ల ఏడుస్తుంటే మీ జవాబు కోసం ఇంకా ఆగలేకపోయాను. పని పోయినా మళ్ళీ అలాగే చేస్తాను. ఇక తర్వాతి స్థితి అడిగారు. అయిపోయాక పిల్ల నవ్వింది. ఇట్లు, తవిటమ్మ.’

ఆ కాగితం రెండుసార్లు చదివాను. ఇరవయ్యారేళ్ళలో మా ఆఫీసుకి వచ్చిన సంజాయిషీల్లో ఇంత పొట్టిది లేదు. ఈవిడ ఉద్యోగం పోతుందనుకుంటూ చక్రధరరావుగారి ముందు పెట్టాను. ఆయన చదివారు. ఎర్ర పెన్ను తీశారు.

ఆయన ‘నవ్వింది’ అన్న మాట కింద గీత గీశారు.

“అభిజ్ఞాన్!” అని పిలిచారు. “ఇది మన దగ్గర ఉందా?”

అభిజ్ఞాన్ చూశాడు. కుర్చీలోంచి లేచాడు. “లేదు సర్. మనం ఇన్నాళ్ళూ అవుట్‌పుట్ దగ్గరే ఆగిపోయాం. ఇది అవుట్‌కమ్!”

ఆ ఆనందంలో తవిటమ్మని హెచ్చరికతో వదిలేశారు. హన్విక ఇప్పుడు పల్చటి జావా, బొప్పాయీ తింటూ బాగానే ఉందని తెలిసింది. యాప్‌లో మాత్రం ఆ పిల్లకి ఈ రోజుకీ కాలేదు.

పై సోమవారానికి టీచర్ల ఫోన్లలో కొత్త గడి వచ్చింది: ‘నవ్వు’. రోజుకి కనీసం మూడు. ఫొటోలో స్థలం, సమయం పడాలి. తెర మీద పదకొండువందల నలభై రెండు చుక్కలూ మళ్ళీ ఎర్రబడ్డాయి. సంచాలకులు నన్ను పిలిచి ఒక మెమో రాయమన్నారు. రాశాను.

‘జిల్లాలోని శిశువుల పెండింగు నవ్వులన్నియు ఈ నెలాఖరులోగా తప్పక పూర్తి చేయించవలెను. నవ్వని శిశువుల జాబితాను కారణములతో సహా మూడు ప్రతులలో పంపవలెను. ఇందు ఏ మాత్రము ఉపేక్ష వహించినను తీవ్రముగా పరిగణించబడును.’